‘ఇల్లలకగానే’ - వైఖరి ముందా, పని ముందా?

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ మీద మనం చాలానే మాట్లాడుకున్నాం. ఇల్లలకడంలో మునిగిపోయి సొంత పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. ఆ చర్చల్లో తరచుగా వినపడే ఒక మాటతో నాకు పేచీ ఉంది. పితృస్వామ్య భావజాలం ఆమెలో జీర్ణించుకుపోయింది కాబట్టే అలా అలుకుతూ పోయిందంటారు. అంటే ముందు నమ్మకం, ఆ తర్వాత పని.

కథలో వరస అలా లేదు. ఆమె చదువుకున్న, తెలివైన అమ్మాయి. పెళ్లవగానే భర్త ఈ ఇల్లు నీదేనంటాడు. ఆమె వెంటనే ఇల్లలికి ముగ్గులు పెడుతుంది. అతను మెచ్చుకుంటాడు. అప్పటికి ఇంటిపని గురించి ఆమెకంటూ ఒక సిద్ధాంతం ఉన్నట్టు రచయిత్రి ఎక్కడా చెప్పరు. రోజూ అలకగా అలకగా, అలకడమే జీవితమనే వైఖరి తర్వాత వచ్చింది.

మనస్తత్వ శాస్త్రంలో డారిల్ బెమ్ ఇలాంటి మాటే అన్నాడు. (స్త్రీ, పురుష మూసల మీద పనిచేసిన సాండ్రా బెమ్ ఆయన భార్య.) లోపల స్పష్టమైన అభిప్రాయం లేనప్పుడు, మనం చేస్తున్న పనిని చూసుకుని మన ఇష్టాయిష్టాలను ఊహించుకుంటామని ఆయన వాదన. అంతకుముందు 1959లో ఫెస్టింజర్, కార్ల్‌స్మిత్ ఒక ప్రయోగం ప్రచురించారు. స్టాన్‌ఫోర్డ్ విద్యార్థుల చేత గంటసేపు పరమ విసుగు పనులు చేయించి, తర్వాత వచ్చేవాళ్లకి అది సరదాగా ఉందని చెప్పమన్నారు. అందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి 1 డాలరు ఇచ్చారు. ఆ తర్వాత అడిగితే, పని బాగుందని ఎక్కువగా అన్నది 1 డాలరు వాళ్లు. 20 డాలర్లు తీసుకున్నవాళ్లకి అబద్ధమాడడానికి కారణం జేబులోనే ఉంది. రెండోవాళ్లకి అది లేక అభిప్రాయాన్నే సర్దుకున్నారు. దీన్ని బెమ్ మరోలా వివరించాడు గానీ, ఆ తగువు మనకిక్కడ అక్కర్లేదు. జీతం లేని చాకిరీ ప్రేమగా ఎలా మారుతుందో ఇంత బాగా చూపించే ఈ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లంతా మగపిల్లలే!

తర్వాతి పరిశోధనలు దీనికి ఒక షరతు చేర్చాయి. తనంతట తాను ఒప్పుకుని చేశాననుకున్నప్పుడే మనసు ఇలా సర్దుకుంటుంది. బలవంతంగా చేయిస్తే ఆ అవసరం రాదు. ఇప్పుడు భర్త మాటని మళ్లీ చూడండి. ఇల్లలకమని ఆజ్ఞాపించి ఉంటే, ‘ఆయన చెయ్యమన్నాడు, చేశాను’ అని ఆమె ఏనాటికైనా అనగలిగేది. ఇల్లు నీదే అనడంతో ఆ జవాబు ఆమె చేతిలోంచి జారిపోయింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది పేరు మర్చిపోవడం కాదు, ఆ మంచి మాటే.

మా క్లాసులో అమ్మాయిలు ‘అంత చదువుకుని అలా ఎలా ఉండిపోయింది మేడమ్?’ అని విసుక్కుంటారు. చైతన్యం లేకపోవడమే కారణమన్న విమర్శ చివరికి వాళ్ల చేత ఈ మాటే అనిపిస్తోంది. తప్పు మళ్లీ ఆమెదే అవుతోంది. వైఖరి పనిలోంచి పుట్టినప్పుడు, ఆ పని అలాగే ఉండగా చైతన్యం గురించి ఎంత ఉపన్యసించి ఏం లాభం?

ముగింపు విషయంలో నాకు కొంత అసంతృప్తి ఉంది. స్నేహితురాలు ‘శారదా’ అని పిలవగానే ఆమెకి తనెవరో గుర్తొస్తుంది. ఇకనుంచి పేరుతోనే పిలవమని భర్తకి చెబుతుంది. అది చిన్న విషయమేం కాదు. కానీ మర్నాటి అలుకుడు మాటేమిటి? కథలో పనిమనిషి కూడా ఉంది. ఆమె చాకిరీ చేసేది బతకడానికి. దాన్ని ప్రేమ అనుకోవాల్సిన పని ఆమెకి లేదు. నా పేరు నీకైనా తెలుసా అని ఇల్లాలు అడిగినప్పుడు, అమ్మగారి పేరుతో తనకేం పని అన్నట్టు మాట్లాడుతుంది. శారద వదిలేసిన గుడ్డ ఈమె చేతికే వెళ్తుందేమో. ఈమె పేరేమిటో ఆ ఇంట్లో ఎవరూ అడగరు.