తేనెపట్టు ఉన్న చోటికే శాస్త్రం

సంఘజీవులైన కీటకాల ప్రవర్తనను తెలుసుకోవాలంటే వాటి గూడు ఎక్కడ ఉంటుందో అక్కడికే వెళ్లి, ఓపికగా దాని ముందు కూర్చుని, అందులోని జీవులను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి గమనించాలన్న సూత్రం మీద ఆధునిక జీవశాస్త్రంలో ఒక బలమైన పరిశోధన సంప్రదాయం నిలబడి ఉంది. తేనెటీగలు, చీమలు, చెదలు, కొన్ని జాతుల కందిరీగలు ఒకే గూటిలో తరాలు కలిసి బతుకుతాయి. గుడ్లు పెట్టే పనిని రాణికి విడిచిపెట్టి, పిల్లలను సాకడం, ఆహారం తేవడం, గూటిని కాపాడటం వంటి పనులను తక్కినవి పంచుకుంటాయి. ఇలా బతికే ఈగను పట్టి గాజుసీసాలో ఒంటరిగా ఉంచితే దాని శరీర నిర్మాణం తెలుస్తుంది గాని, తోటి ఈగలతోనూ, చుట్టూ ఉన్న పూలతోనూ, శత్రువులతోనూ దానికున్న సంబంధం తెలియదు. పైగా ఈ జీవుల వైవిధ్యమంతా ఉష్ణమండల దేశాల్లోనే ఎక్కువగా ఉంది. అందువల్లనే ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ రంగంలో పరిశోధకులుగా చేరినవారిలో చాలామందికి నెలల తరబడి ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో క్షేత్రపరిశీలన చేయడం ఉద్యోగంలో భాగమే అయింది.

మ్యూనిక్ నుంచి పేరాదెనియకు

ఈ సంప్రదాయం విలువను తేనెటీగల నాట్యం కథ చక్కగా తెలియజేస్తుంది. ఆస్ట్రియాలో పుట్టి, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1940ల మధ్యలో ఒక గొప్ప సంగతిని కనిపెట్టాడు. మకరందం దొరికే చోటు చూసి వచ్చిన ఈగ చీకటి గూటిలో, నిలువుగా వేలాడే పట్టు మీద, ఉదరాన్ని అటూ ఇటూ ఊపుతూ కొంత దూరం తిన్నగా నడిచి, అర్ధవలయంగా వెనక్కి తిరిగి, మళ్లీ అదే దారిన నడుస్తుంది. ఆ నడక పట్టు మీద నిట్టనిలువుగా పైకి సాగితే ఆహారం సూర్యుడు ఉన్న దిక్కున ఉందని అర్థం. నిలువు గీతకు కుడివైపు నలభై డిగ్రీలు వాలితే, సూర్యుడికి కుడివైపు అంతే కోణంలో ఉందని అర్థం. ఉదరం ఊపుతూ నడిచే సమయం ఎంత ఎక్కువైతే ఆ చోటు అంత దూరం. ఈ పరిశోధనలకు ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

సూర్యుడి దిక్కును భూమ్యాకర్షణ దిక్కుగా మార్చి చెప్పే ఇంత చిక్కైన సంకేతం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు మాత్రం ఐరోపాలో సమాధానం దొరకదు. అక్కడ సహజంగా ఉన్న తేనెటీగ జాతి ఒక్కటే కాగా, దాని దాయాదులన్నీ ఆసియాలో ఉన్నాయి. అందుకే ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950ల మధ్యలో సింహళంలోని పేరాదెనియకు వెళ్లి, మూడు జాతులను పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటిది పొదల్లో సన్నని కొమ్మకు చిన్న ఒంటిపట్టు పెట్టే చిన్న తేనెటీగ. రెండోది ఎత్తైన చెట్లకు, కొండచరియలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ. మూడోది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో వరుసగా పట్లు కట్టుకునే పుట్ట తేనెటీగ.

చిన్న తేనెటీగ పట్టు పైభాగం కొమ్మను చుట్టుకుని వెడల్పైన అరుగులా ఉంటుంది. ఆహారం చూసి వచ్చిన ఈగ ఆకాశం కనిపించే ఆ అరుగు మీద నిలిచి, ఆహారం ఉన్న దిక్కుకే తిన్నగా ముఖం పెట్టి నాట్యం చేస్తుంది. లిండావర్ పట్టును తిప్పి, అరుగు నిలువుగా పక్కకు వచ్చేటట్టు చేసినప్పుడు ఈగలు నాట్యం ఆపి, కొత్తగా పైకి వచ్చిన అంచుకు ఎక్కి అక్కడ మళ్లీ మొదలుపెట్టాయి. కొండ తేనెటీగ నిలువు పట్టు మీద నాట్యం చేసినా ఆకాశం కనిపించే వైపును ఎంచుకుంటుంది. పుట్ట తేనెటీగ ఐరోపా ఈగ మాదిరిగా పూర్తి చీకట్లో చేస్తుంది. ఆకాశం కింద సూటిగా దిక్కు చూపడం నుంచి చీకట్లో సంకేతంగా దిక్కు చెప్పడం దాకా ఒక పరిణామ క్రమాన్ని ఊహించడానికి ఈ పోలిక వీలు కల్పించింది. చిన్న తేనెటీగ ఏటవాలు తలం మీద కూడా ఆకాశం ఆధారంగా నాట్యం చేయగలదని 1985లో ఫ్రెడ్ డయ్యర్ చూపిన తరువాత ఆ చిత్రానికి కొన్ని సవరణలు వచ్చాయి. అయితే ఆ సవరణలు సైతం పట్టు ముందు కూర్చుని చూసినవారి నుంచే వచ్చాయి.

రంగు చుక్కలు, తూకపు గుండు, గడియారం

ఈ పరిశోధనలో మొదటి మెట్టు గుర్తు పెట్టడం. వేలాది ఈగలున్న గూటిలో ఏది ఏదో తెలియకపోతే ఎంత చూసినా లాభం లేదు కాబట్టి, ఫ్రిష్ లక్క ద్రావణంలో కలిపిన ఐదు రంగులను తీసుకుని, ఈగ వీపు మీద చుక్క ముందువైపు ఉందా, వెనుకవైపు ఉందా, ఉదరం మీద ఉందా అన్నదాన్ని బట్టి ఒకట్లు, పదులు, వందలు లెక్కపెట్టే పద్ధతి రూపొందించి, దాదాపు ఆరు వందల ఈగలకు విడివిడిగా అంకెలు ఇవ్వగలిగాడు. పంచదార పాకం తాగుతున్న ఈగ ఆ పనిలో ఎంతగా లీనమవుతుందంటే, సన్నని కుంచెతో మెల్లగా తాకితే పట్టుకోవలసిన అవసరం లేకుండానే దాని వీపున చుక్క పెట్టవచ్చు. కందిరీగల విషయంలో అవన్నీ గూటిలోనే ఉండే వేకువ వేళ లెక్క తీయడం ఆనవాయితీ.

రెండో మెట్టు ఈగలకు దారి నేర్పడం. వాసన కలిపిన పాకం గిన్నెను మొదట గూటి దగ్గరే ఉంచి, ఈగలు అలవాటు పడిన కొద్దీ ఒకరు కొంచెం కొంచెంగా దూరం జరుపుతుంటే, ఒక్కో దూరంలో గూటి దగ్గర నాట్యం ఎలా మారుతున్నదో రెండోవారు నమోదు చేస్తారు. నిలువు గీత కోసం మేస్త్రీలు వాడే తూకపు గుండు, కోణమానిని, సెకన్ల గడియారం ఉంటే చాలు. ఐరోపా ఈగ 100 మీటర్ల దూరానికి 15 సెకన్లలో 9 నుంచి 10 చుట్లు తిరిగితే, కిలోమీటరు దూరానికి 4 నుంచి 5 చుట్లే తిరుగుతుందని ఈ విధంగానే తేలింది.

మూడో మెట్టు చూపును క్రమబద్ధం చేయడం. మనిషి కన్ను సహజంగా పోట్లాట, పరుగు వంటి కొట్టొచ్చినట్టు కనిపించే పనుల మీదికే పోతుంది. ఈ పక్షపాతాన్ని అరికట్టడానికి, ఎంచుకున్న ఒక్క జీవినే నిర్ణీత సమయం పాటు వెంబడించడం, లేదా నిర్ణీత వ్యవధికొకసారి గూటిలో ప్రతి జీవి ఏం చేస్తున్నదో రాసుకోవడం అనే పద్ధతుల గుణదోషాలను జీన్ ఆల్ట్‌మన్ 1974లో వివరంగా విశ్లేషించగా, అవి నేటికీ ప్రమాణంగా నిలిచాయి. అంతకు ఎంతో ముందే లిండావర్ 107వ నంబరు ఈగను గాజు గోడల గూటిలో సుమారు 177 గంటలు గమనించాడు. అందులో దాదాపు 69 గంటలు అది ఏ పనీ చేయకుండా ఉంది. 56 గంటలు గూడంతా తిరిగి చూస్తూ గడిపింది. ఎక్కడ ఏ పని అవసరమో ఈగ తానే తిరిగి తెలుసుకుంటుందనీ, ఆజ్ఞాపించేవారు లేకుండానే పనులు సర్దుబాటు కావడంలోని రహస్యం ఇదేననీ ఆ లెక్కలు చెప్పాయి.

నాలుగో మెట్టు ప్రయోగం. దక్షిణ భారతంలో సాధారణంగా కనిపించే రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగ గూటి నుంచి రాణిని తొలగిస్తే, అప్పటిదాకా శాంతంగా పనిచేసిన కూలి కందిరీగల్లో ఒకటి నిమిషాల్లోనే దూకుడుగా మారి, తరువాత గుడ్లు పెట్టే కొత్త రాణి అవుతుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ బృందం నిరూపించింది. కొత్త పరికరాలు వచ్చాక ఈ పనికి మరింత పదును వచ్చింది. పనామాలో సెయ్‌రియన్ సమ్నర్ బృందం 33 గూళ్లలోని 422 కందిరీగలకు చిన్న రేడియో బిళ్లలు అతికించి చూడగా, వాటిలో 56 శాతం పొరుగు గూళ్లకు కూడా పోయి వస్తున్నాయని 2007లో వెల్లడైంది. ఒక కందిరీగ ఒకే గూటికి కట్టుబడి ఉంటుందన్న పాత నమ్మకం దీనితో సడలింది.

గూటి ముందు తేలిన సత్యాలు

థాయిలాండ్‌లోని ఖావో యాయ్ జాతీయ ఉద్యానవనంలో థామస్ సీలీ, రాబిన్ సీలీ, థాయ్ శాస్త్రవేత్త పొంగ్‌థెప్ అక్రటనకుల్ కలిసి చేసిన పరిశీలన 1982లో వెలువడింది. చిన్న తేనెటీగ తన కొమ్మకు పట్టుకు ఇరువైపులా జిగురు పూసి చీమలను ఆపుతుందనీ, కొండ తేనెటీగ ఎత్తునూ మూకుమ్మడి దాడినీ నమ్ముకుంటుందనీ, పుట్ట తేనెటీగ ఇరుకైన ద్వారం వెనుక దాక్కుంటుందనీ వివరించి, శత్రువుల ఒత్తిడి ఆ జాతుల జీవన విధానాన్ని ఎలా తీర్చిదిద్దిందో వారు చూపారు.

ఈ పరిజ్ఞానం ఊహించని చోట అక్కరకు వచ్చింది. 1981లో అమెరికా ప్రభుత్వం లావోస్, కంబోడియాలలో సోవియట్ అండతో విషప్రయోగం జరుగుతున్నదని ఆరోపించి, ఆకుల మీద దొరికిన పసుపు మచ్చలను సాక్ష్యంగా చూపింది. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, సీలీ తదితరులు 1984లో థాయిలాండ్‌కు వెళ్లి పరిశీలించినప్పుడు, కొండ తేనెటీగలు గుంపుగా ఎగిరి ఒకేసారి విసర్జించే మలం సరిగ్గా అటువంటి మచ్చలనే వదులుతుందని తేలింది. సాక్ష్యంగా సేకరించిన మచ్చల్లో ఉన్నది కూడా ఈగలు జీర్ణించుకున్న పుప్పొడే. అంతర్జాతీయ ఆరోపణకు ఆధారంగా నిలిచిన నమూనాల అసలు స్వరూపం తేనెటీగల అలవాట్లు తెలిసినవారి వల్ల బయటపడింది.

ఇటువంటి పనిలో స్థానికుల అనుభవానికున్న విలువను వియత్నాం ఉదాహరణ చాటుతుంది. అక్కడి పుట్ట తేనెటీగల పెట్టెల ద్వారాల చుట్టూ కనిపించే మరకలు పశువుల పేడవని పెంపకందారులకు ముందే తెలుసు. ఆ మాటను పట్టుకుని గార్డ్ ఓటిస్, హెదర్ మాటిలా బృందం పరీక్షించి, ఈగలు పేడను తెచ్చి పూయడం వల్ల పెద్ద కందిరీగలు ద్వారం దగ్గర వాలడం, దాన్ని కొరకడం తగ్గుతుందని 2020లో ప్రకటించింది. అదే ఏడాది జర్మనీ పరిశోధకులు, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంవారు కలిసి దక్షిణ భారతంలో మూడు జాతుల నాట్యాన్ని కొలిచి, తక్కువ దూరం తిరిగే జాతి నాట్యంలో దూరాన్ని మరింత సూక్ష్మంగా చెబుతుందన్న ఫ్రిష్ కాలపు ఊహను బలపరిచారు.

విదేశీ క్షేత్రపరిశోధనకు హక్కులతో పాటు బాధ్యతలూ ఉన్నాయి. భారతదేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవవనరులను పరిశోధనకు వాడుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి పొందాలి. చట్టం సంగతి అలా ఉంచినా, స్థానిక శాస్త్రవేత్తను సమాన భాగస్వామిగా చూసిన చోటే పరిశోధన లోతుకు పోయిందని పై ఉదాహరణలు రుజువు చేస్తున్నాయి. అతిథి పరిశోధకుడు కొన్ని నెలల్లో వెళ్లిపోతాడు. ఆ నేల మీదే ఉండేవాడు ఏళ్ల తరబడి అన్ని రుతువుల్లోనూ అదే గూటిని చూడగలడు.

లిండావర్ సముద్రం దాటి వెళ్లి చూసిన మూడు జాతులూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నాయి. తూర్పు కనుమల్లో తేనె సేకరించే గిరిజనులకు వాటి రాకపోకలు, పట్లు పెట్టే చోట్లు తెలుసు. తూకపు గుండు, గడియారం, రంగు చుక్క, రాసుకునే పుస్తకం ఖరీదైనవి కావు. తెలుగునాట జంతుశాస్త్ర విభాగాలు తమ విద్యార్థులకు ఒక్క రుతువైనా ఒక్క పట్టు ముందు కూర్చుని చూసే శిక్షణ ఇవ్వాలి, గిరిజనుల అనుభవాన్ని వారి పేరుతోనే నమోదు చేయాలి. ఇతర దేశాలవారు వెతుక్కుంటూ వచ్చే సంపద ఇంటి ముందే ఉన్నప్పుడు, దాన్ని చదివే పని మొదట ఇక్కడివారిదే.