మామూలు తంగేడు

ఈ వారం మేనకోడలు ఒక కట్ట పాత పేపర్లు తెచ్చి నా ముందు పరిచింది. డిగ్రీలో హెర్బేరియం, అంటే మొక్కలు అదిమి ఎండబెట్టి లేబుల్‌తో అంటించిన షీట్లు, సబ్మిట్ చేయాలట. "మామా, తంగేడు, తుమ్మి, ఉత్తరేణి దొరికినాయి. ఇంకేం పెట్టేది?"

ఒళ్లు మండింది. మా రోజుల్లోనూ ఇవే మొక్కలు. మా బ్యాచ్‌లో ఒకడు సీనియర్ దగ్గర షీట్లు కొని, లేబుల్ మీద పేరు మార్చి, వానలకు తప్ప మొలవని మొక్క కింద నడి ఏప్రిల్ తేదీ వేశాడు. మార్కులు పడ్డాయి. షీట్లు స్టోర్‌రూమ్‌లో చెదలకు పోయాయి. ఈ తంతు ఎత్తేయమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు.

హెర్బేరియం అంటే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఉన్నట్టుండాలి. అక్కడి పుల్లయ్య, యశోద 1989లో అనంతపురం జిల్లా మొక్కల మీద పుస్తకమే తెచ్చారు. మన పావగడకు చుట్టూ ఆంధ్రా ఊళ్లే అయినా, తాలూకా కర్ణాటకది కాబట్టి ఆ పుస్తకం పొలిమేరలోనే ఆగిపోయింది.  

మేనకోడలికి కొత్తగా ఏదైనా కావాలంటే లైకెన్లు ఉన్నాయి కదా అనుకున్నాను. పావగడ కోట కొండ గుండ్ల మీద మచ్చలు మచ్చలుగా కనిపించేవి, బిర్యానీలో వేసే రాతిపువ్వుకు చుట్టాలు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. వీటిని పేపర్ల మధ్య అదిమితే కుదరదు. రాతిని కరుచుకున్నదాన్ని ఉలితో, పెచ్చుతో సహా లేపి, కాగితం పొట్లంలో పెట్టి, పైన చోటు, తేదీ రాస్తారు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, రంగు మారుతుందేమో చూస్తారు; జాతిని తేల్చడానికి అదొక ఆధారం. అయితే వీటిలో కొన్ని ఏడాదికి మిల్లీమీటరైనా పెరగవు. మార్కుల కోసం క్లాసు క్లాసంతా ఉలి పట్టుకుని కొండెక్కితే ఇంకేమైనా మిగులుతుందా? అది తెలిసినవాళ్ల పని.

మరి తంగేడు? మన పావగడ తాలూకాలోనే తిరుమణి వైపు వెళ్లి చూడండి. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. 2018కి ముందు ఆ భూములు వేరుశనగ చేలు, బీళ్లు. ఆ గట్ల మీద ఏం మొలిచేవని రైతునడిగితే, "ఏముంటాయప్పా, మామూలు చెట్లే" అంటాడు. మామూలువి కాబట్టే వాటికోసం ఎవరూ సంచి తగిలించుకుని బయల్దేరరు. అరుదైన మొక్కకు శాస్త్రవేత్త దొరుకుతాడు. తుమ్మికి డిగ్రీ పిల్లలే దిక్కు.

అందుకే ఈ తంతు ఎత్తేయాలన్న నా డిమాండ్ వెనక్కి తీసుకుంటున్నాను. కొన్న షీటుకు సున్నా వేయండి. ఏ చేను గట్టున, ఏ తేదీన కోశారో, పక్కన ఏ పంట ఉందో నిజంగా రాసిన తంగేడుకు పూర్తి మార్కులివ్వండి. క్లాసంతా తంగేడే తెచ్చినా సరే. ఆ షీట్లను మాత్రం స్టోర్‌రూమ్‌లో పడేయకుండా అనంతపురం పంపండి. రాష్ట్రం వేరని అక్కడ వద్దంటే, బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ హెర్బేరియం ఉంది.