ఇనుప ఊరి ఆడవాళ్ళు

మియజాకి 1997లో తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకే’ బొమ్మల సినిమాయే కదా అని పిల్లలకి వదిలెయ్యకండి. కథ మురోమాచి కాలపు జపాన్‌ది. దొరలు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకుంటున్న రోజులు. అందరూ అందులోని అడవినీ, తోడేలు పెంచిన పిల్లనీ మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం నీటి ఒడ్డున, చుట్టూ దుంగల దడి కట్టుకున్న ఆ ఇనుప ఊళ్ళోనే ఉండిపోయింది.

ఆ ఊరి దొరసాని ఎబోషి. సానికొంపల నుంచి ఆడవాళ్ళను విడిపించి తెచ్చి కొలిమి తిత్తులు తొక్కిస్తుంది. నిజానికి పాతకాలపు జపాన్ కొలిముల దగ్గరికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు; కొలిమి దేవతకి ఆడవాళ్ళంటే గిట్టదట! ఇక్కడ తోకి అనే ఇల్లాలు, దెబ్బలు తగిలించుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి నలుగురి ముందూ దులిపేస్తుంది. ఆ చీవాట్ల వెనక ఏముందో మనకు తెలీదూ?

కుష్ఠురోగుల పుళ్ళు కడిగి కట్లు కట్టింది ఎబోషే. వాళ్ళచేత తుపాకులు చేయించేదీ, అడవిని నరికించేదీ కూడా ఆవిడే. రాక్షసి అందామంటే నోరు రాదు.

దొరసాని అడవి దేవుడి తలకోసం వెళ్ళినప్పుడు అసానో దొర సేనలు ఊరిమీద పడతాయి. తుపాకులు పట్టి కాపాడుకునేది ఆడవాళ్ళే. మియజాకి మాత్రం ఆ ముట్టడిని గబగబా దాటేసి అడవిలోకి పరుగెత్తాడు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఉన్న గింజల్ని ఎలా సరిపెట్టుకున్నారో, రాత్రిళ్ళు ఎవరు ఎవరికి ధైర్యం చెప్పారో, ఆ దడి లోపల ఇంకాసేపు మనల్ని ఉండనివ్వకూడదూ!