బుర్రలో పలికే మియాసాబ్

తాండూరులో నాపరాళ్ల మధ్య పెరిగినవాడికి రాయి పలుకుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అబ్బా బండను వేలి కణుపుతో తట్టి చూసేవాడు. ఖంగుమంటే గట్టి బండ. బొద్దుగా మోగితే లోపల పగులుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజార్లో కన్నడ వింటూ పెరిగిన నాకు చెవే మొదటి గురువు.

ఈమధ్య కళావిమర్శలో ‘ధ్వనిశిల్పం’ అన్న మాట వింటున్నాం. హ్యారీ బెర్టోయా 1915లో ఇటలీలో పుట్టి, 1930లో అమెరికా వలసపోయాడు. 1960ల నుంచి 1978లో చనిపోయేదాకా సన్నటి లోహపు కడ్డీలను గుంపులుగా నిలబెట్టి శిల్పాలు చేశాడు. చెయ్యి తగిలితే అవి గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగి మోగుతాయి. లోకం వాటిని శిల్పాలంది. కాదనను, గొప్ప శిల్పాలే.

మరి కిన్నెర సంగతేమిటి? వెదురుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికించి, నెమలి ఈకలు తురిమిన వాద్యం అది. పొదనూ తీగనూ పిట్టనూ ఒంటిమీద మోస్తుంది. ఊరూరా తిరిగే మనుషుల భుజాల మీద బతికింది. దాన్ని మాత్రం ‘జానపదం’ అరలో పడేశారు. తాండూరు నుంచి కొడంగల్ దాటి పోతే నారాయణపేట జిల్లా దామరగిద్ద. అక్కడి దాసరి కొండప్ప బుర్రవీణదీ అదే అర. 2024లో పద్మశ్రీ వచ్చినా అర మారలేదు. అరలు కట్టే చేతులు మాకు తెలుసు. మమ్మల్ని ‘మైనారిటీ’ అరలో సర్దింది కూడా అవే.

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఇంటింటా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి చేస్తున్నాడని పత్రికలు రాశాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరానికి పోయినట్టే పాలమూరు మనిషీ పోతాడు. వాద్యానికి శాలువా, వాయించే చేతికి తట్ట!

మొగిలయ్య పాడే కథల్లో పండుగ సాయన్న ఉన్నాడు, మియాసాబ్ ఉన్నాడు. బెర్టోయా కడ్డీలకు మాటల్లేవు, ఆ మౌనమే వాటి అందం. కిన్నెరకు మాత్రం పేర్లే ప్రాణం. సినిమా దాని మోత తీసుకుంది, ఆ మోతలో తన హీరో పేరు పెట్టుకుంది. మియాసాబ్ ఎప్పటిలాగే బయటే నిలబడ్డాడు.

ఇక్కడ మనల్నీ అడగాలి భాయ్. గజల్ మాదన్నాం, ఖవ్వాలీ మాదన్నాం, సితార్ మీద గర్వపడ్డాం. పల్లె గాయకుడి నోట తెలుగులో బతికిన మన మియాసాబ్‌ను ఎన్నడైనా పట్టించుకున్నామా? మన చరిత్రను ఉర్దూలోనే వెతుక్కున్నాం. అది పక్కవాడి పాటలో, ఒక సొరకాయ బుర్రలో పలుకుతుంటే మనకు వినిపించలేదు. పైవాళ్లు కట్టిన అరలను తిడుతూ మనమూ ఒక అర కట్టుకున్నాం.

ఈ దేశంలో మీరెక్కడివాళ్లని అడిగేవాళ్లకు పత్రాలు చూపించి అలసిపోయాం. ఈసారి మియాసాబ్ కథ వినిపిద్దాం. అయితే ముందు మనం కూర్చుని మొదట్నుంచి చివరిదాకా విందాం.