సైరన్ మోగాక

"మళ్లీ ఆ ఇటుకలే అయ్యుంటాయి సార్, పంపించేద్దాం." ఉక్కు కర్మాగారం గేటు దగ్గర రేడియేషన్ మానిటర్ మోగినప్పుడల్లా వినిపించే ఈ మాటంటే నాకు భయం.

గార్డుల విసుగులో న్యాయం లేకపోలేదు. కొలిమి పనికి వచ్చే జిర్కాన్ ఇటుకల్లో థోరియం, యురేనియం కొద్దికొద్దిగా ఉంటాయి. అంటే మానిటర్ అబద్ధం చెప్పలేదు. మోగించింది ఏ పదార్థమో తేల్చడం మన పని. ముందు మానిటర్ గ్రాఫ్ చూస్తాను. లారీ పొడవునా సమంగా లేచిందంటే సరుకంతా ఒకే తీరు. ఒక్కచోట సూదిలా లేచిందంటే అక్కడేదో దాగుంది.

తర్వాత చేతి స్పెక్ట్రోమీటర్. ఒక్కో పదార్థపు గామా కిరణాలు దాని తెరమీద ఒక్కోచోట శిఖరంలా లేస్తాయి. సీజియం-137 శిఖరం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. కోబాల్ట్-60కి రెండు, 1173, 1332. పది సెకన్లకే తెరమీద ఏదో పేరు పడుతుంది. తొందరపడి దాన్ని నమ్మితే మోసపోతాం, శిఖరం తేరుకునేదాకా కదలకుండా పట్టుకోవాలి. రోహిణి కార్తెలో ఇంకో చిక్కు. వేడికి సోడియం అయోడైడ్ డిటెక్టర్లో శిఖరాలు పక్కకు జరిగి, ఒకదాని పేరు మరొకదానికి పడుతుంది. అందుకే లారీ దగ్గరికి వెళ్లేముందు ప్రహరీగోడ పక్కన నిలబడి పొటాషియం-40ని చూసుకుంటాను. మట్టిలో, రాతిలో, మన ఒంట్లోనూ ఉండేదే. అది 1461 దగ్గర నిలిస్తేనే మిగతా అంకెల్ని నమ్ముతాను.

గోల తగ్గాలంటే అలారం స్థాయి పెంచేయమంటారు కొందరు. నేను ఒప్పుకోను. సీసం తొడుగులో, లారీలో టన్నుల తుక్కు కింద ఉన్న రేడియోధార్మిక సోర్సు నుంచి గేటుదాకా వచ్చేది చాలా కొద్ది. 2010లో ఢిల్లీ మాయాపురిలో, విశ్వవిద్యాలయం వేలం వేసిన గామా సెల్ అనే పాత రేడియేషన్ పరికరాన్ని తుక్కు కార్మికులు విప్పారు. కోబాల్ట్-60 బయటపడి ఒకరు చనిపోయారు.

ఒకరోజు ఖాళీ లారీకి సైరన్ మోగింది. శిఖరం 364 దగ్గర, అంటే అయోడిన్-131, అదీ క్యాబిన్ వైపు. గార్డులు నాలుగడుగులు వెనక్కి జరిగారు. డ్రైవర్ మొహం పాలిపోయింది. పక్కకు పిలిచి అడిగాను, "అన్నా, ఈమధ్య థైరాయిడ్‌కి మందేమైనా ఇచ్చారా?" అయోడిన్-131 మింగి పదిరోజులైందట. ఆసుపత్రి కాగితం ఇంట్లో ఉంది. వాళ్లావిడ దాన్ని వాట్సాప్‌లో పంపేసరికి గంట పట్టింది, వెనక లారీలు బారులు తీరాయి.

అలాంటి వైద్యం చేయించుకున్నవాళ్లు ఆసుపత్రి ఇచ్చిన చీటీని కొన్ని వారాలపాటు జేబులోనే ఉంచుకోండి.