ఇంజన్ బాగానే ఉంది, అయినా

"పదేండ్లు దాటిన డీజిల్ కార్లను రోడ్డెక్కనియ్యరట, జల్ది అమ్మెయ్యి" అని ఈ వారం ఒక బంధువు ఫోన్ చేశాడు. ఇలాంటి పుకార్లకు నాకు ఒళ్లు మండుతుంది. 2015లో హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆ ఉత్తర్వు ఢిల్లీ ప్రాంతానిది. మన దగ్గర పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. నడిచే వస్తువును పారేయొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు.

2011లో ఏపీ 15 నెంబరుతో నా కారు వచ్చినప్పుడు పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు ఇరవై రూపాయలకు పైనే తేడా. ఇల్లు కరీంనగర్‌లో, ఉద్యోగం ఆదిలాబాద్‌లో. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారం చేరితే అక్కడి నుంచి టేకు అడవి. ఉట్నూరు వైపు ఎత్తు రోడ్డు మీద, నిండా మనుషులున్నా, బండి మూలిగేది కాదు.

ఒక పుష్యమాసంలో అదే దారిన మెస్రం వంశీయులు ఎదురయ్యారు. హస్తినమడుగు నుంచి గోదావరి జలంతో కేస్లాపూర్ నాగోబా దగ్గరికి కాలినడకన పోతున్నారు. తెల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఒకరి వెనుక ఒకరు. "ఇంజన్ బంద్ చెయ్యి బిడ్డా, పొగ వాళ్ల మీదికి పోతున్నది" అంది మా పెద్దమ్మ. వరుస దాటిందాకా ఆగాం.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. బండి ఇంటి నుంచి టవర్ సర్కిల్‌కు, మనుమరాలి బడికి తిరుగుతుంది. ఇంజన్ వేడెక్కకముందే ఆపేస్తాను. మొన్న బడి గేటు ముందు స్టార్ట్ చేస్తే నల్లటి పొగ లేచింది. ఒక పాప చున్నీతో ముక్కు మూసుకుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది.

"ఇంజన్‌కు ఢోకా లేదు సార్. ఇంజెక్టర్లు చేయిస్తే పొగ తగ్గుతది. గీ చిన్న తిరుగుడుకు మళ్ల మసి పడుతది" అన్నాడు మెకానిక్. కొత్త డీజిల్ కొన్నా ఇంతే, ఊళ్లో తిరుగుడుకు దాని పొగ ఫిల్టర్ మూసుకుపోతుంది. ధరల తేడా కూడా ఇప్పుడు పది పన్నెండు రూపాయలే.

అందుకే పెట్రోలు కారే తీసుకుంటున్నాను. వారానికోసారి ఆదిలాబాద్ పోయొచ్చేవాళ్లు తొందరపడకండి, మీ లెక్క వేరు. సెకండ్‌హ్యాండ్ పెట్రోలు బండి చూసేవాళ్లు మాత్రం అది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పనికొస్తుందో లేదో మాన్యువల్‌లో చూశాకే బయానా ఇవ్వండి.