ఆంపియరు తగ్గినంతనే బిల్లు తగ్గునా?

టెలివిజను అంగళ్లలో “విద్యుత్తు పొదుపు పెట్టె” అమ్మువారి ప్రయోగములో మోసము కంటికి కనబడదు. మోటారు తిరుగుచుండగా పెట్టెను ప్లగ్గులో పెట్టుదురు. ఆమ్మీటరు 5 ఆంపియర్ల నుండి 3.5కు దిగిందనుకొందము. అది కనికట్టు కాదు. పెట్టెలోనిది సాధారణముగా ఒక కండెన్సరు. మోటారులో ప్రవాహము వోల్టేజికి వెనుకబడును. పని చేయని ఆ అదనపు ప్రవాహమును కండెన్సరు దగ్గరనే సమకూర్చుటచే తీగలో ఆంపియర్లు తగ్గును.

కాని ఇంటి మీటరు లెక్కించునది ఆంపియర్లను కాదు, కిలోవాట్ అవర్లను. పవర్ ఫ్యాక్టరు మొదట 0.7 అయినచో 230 × 5 × 0.7 = 805 వాట్లు. పిమ్మట 230 × 3.5 × 1 = 805 వాట్లే! వోల్టేజిని ప్రవాహముతో గుణించుట మాత్రమే నేర్చిన పదవ తరగతి విద్యార్థి ఇక్కడనే బోల్తా పడును. హీటరుకు ఈ పెట్టె తగిలించినచో ఆంపియర్లు కొంచెము పెరుగును కూడ; అందుకే కాబోలు, దానిని తెరమీదకు తేరు. ఆమ్మీటరు ప్రక్కన వాట్‌మీటరును ఉంచినచో దాని ముల్లు దిగదు.